గురజాడవారి నవ్వు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ప్రసంగ పాఠము)



తెలుగుదేశమున నాటకము చదువనివాడైనను, కడకు అక్షరమే రానివాడైనను గిరీశమను పేరు వినకుండ నుండుట అరుదు. చేతిలో చిల్లిగవ్వ లేకున్నను మాటలతో కోటలు కట్టుచు, పరుల సొమ్ముతో షోకు చేయువానిని చూచినపుడు, వీడొక గిరీశమని రచ్చబండకడ అనుకొనుట యున్నది. పుస్తకములో పుట్టిన మనిషి పుస్తకమునుండి దిగివచ్చి ఊరివారిలో నొకడగుట సామాన్యమైన విషయము కాదు. ప్రబంధనాయకులు ఎందరో కలరు. వారెవ్వరును సంతకు వచ్చి మనలను పలుకరింపరు. గిరీశము పలుకరించును. పలుకరించుటయే కాదు, ఏమరియున్నచో బదులు పుచ్చుకొని పోవును కూడ.

ఇట్టివానిని సృష్టించిన గురజాడ వేంకట అప్పారావు పంతులుగారు 1862వ సంవత్సరము సెప్టెంబరు 21వ తేదీన, నాటి విశాఖపట్టణ మండలమున యలమంచిలి ప్రాంతపు రాయవరములో, తల్లిగారి పుట్టినింట జన్మించిరి. ఆ గ్రామము నేడు అనకాపల్లి జిల్లాలో ఎస్. రాయవరమను పేర నున్నది. తండ్రి వేంకట రామదాసుగారు, తల్లి కౌసల్యమ్మగారు. రామదాసుగారు విజయనగర సంస్థానమున పేష్కారు మొదలగు ఉద్యోగములు చేసిరి. అనగా కవిగారు పుట్టినది సిస్తు లెక్కలు, అర్జీలు, తగవులు దినదినము చెవినిబడు ఇంట. ఈ చిన్న విషయము వారి నాటకము చదువునపుడు జ్ఞాపకముంచుకొనదగినది. దస్తావేజు పుట్టించుట యెట్లు, సాక్షిని తయారుచేయుట యెట్లు, వాయిదా సాగదీయుట యెట్లు అను విద్యలు కన్యాశుల్కమున ఎంత నిక్కముగా వర్ణింపబడినవో కచేరీల ముఖమెరిగిన వారికి వేరుగ చెప్పనక్కరలేదు.

చీపురుపల్లెలో తొలిచదువు సాగుచుండగనే తండ్రిగారు ఏటి ప్రవాహమున పడి మరణించిరి. పిల్లవాడు చదువుకొరకు విజయనగరము చేరెను. అచ్చటి మహారాజా కళాశాలాధ్యక్షులు చంద్రశేఖర శాస్త్రిగారు ఆ బీదబాలుని చేరదీసి ఆదరించిరి. చదువులో తోడు దొరకినవాడు గిడుగు రామమూర్తి. తరువాతి కాలమున తెలుగు వ్రాతను మార్చివేసిన ఇద్దరును ఒకే పాఠశాలలో ఏకకాలమున కూర్చుండి చదివిరన్న మాట. అప్పారావుగారు 1882లో మెట్రిక్యులేషను, 1884లో ఎఫ్.ఏ., 1886లో బి.ఏ. పరీక్షలయందు కృతార్థులైరి. ఎఫ్.ఏ. ముగిసిన యేడే ఉన్నత పాఠశాలలో నెలకు 25 రూపాయల జీతముపై ఉపాధ్యాయులైరి. బి.ఏ. పిమ్మట కొంతకాలము డిప్యూటీ కలెక్టరు కచేరీలో హెడ్డు గుమాస్తాగా నుండి, 1887లో కళాశాలయందు 100 రూపాయల జీతముతో అధ్యాపకులైరి. ఈ 25 రూపాయల అంకెను సభవారు కొంచెము జ్ఞప్తియందుంచవలెను. మరల దానితో పనిబడును.

వారు మొదట వ్రాసినది తెలుగున కాదు. సారంగధరుని కథను ఆంగ్లమున పద్యకావ్యముగా వ్రాసి 1883లో ప్రకటించిరి. కలకత్తాలో పత్రిక నడుపుచుండిన శంభుచంద్ర ముఖర్జీగారు దానిని చూచి మెచ్చి, తమ పత్రికలో మరల ప్రకటించి, ఎంత బాగుగ వ్రాసినను పరభాష పరభాషయేయనియు, స్వభాషలో వ్రాసినచో నిలుచుననియు హితవు చెప్పిరి. వంగదేశీయుడొకడు తెలుగువానికి తెలుగున వ్రాయుమని చెప్పవలసివచ్చుట వింతయే. కాని చెప్పిన మాట చెవికెక్కినది. అదియే మనకు లాభము.

విజయనగర ప్రభువు ఆనందగజపతి మహారాజు విద్వాంసుడు, వాదప్రియుడు, నాటకాభిమాని. సంస్కృత నాటకములను ప్రదర్శించుటకు అచ్చట జగన్నాథ విలాసినీ సభ యను సమాజముండెను. ప్రభువు అప్పారావుగారిని తన చర్చాగోష్ఠులలో చేర్చుకొని, 1891లో సంస్థాన శాసన పరిశోధకునిగా నియమించెను. ఆ ఆస్థానమున నున్న పండితులు, గాయకులు, వైణికులు, హరికథకులు, వారి వారి మాటతీరులు, వారి స్పర్ధలు ఇవన్నియు కవిగారు కన్నులార చూచుచు చెవులార వినుచు పోగుచేసికొనినవి. శాసన పరిశోధకుడు రాతిమీది అక్షరములను ఉన్నవి ఉన్నట్లు ఎత్తి వ్రాసికొనును. తనకు నచ్చినట్లు దిద్దుటకు వానికి అధికారము లేదు. మనుష్యుల మాటలను గూడ వారు అట్లే ఎత్తి వ్రాసిరి.

ఇక నాటకమునకు హేతువైన విషయము. విశాఖ మండలపు బ్రాహ్మణ కుటుంబములలో ఆడుపిల్లలకు వెలకట్టి వివాహము చేయు ఆచారము అప్పుడు ప్రబలియుండెను. పిల్ల తండ్రి సొమ్ము పుచ్చుకొనును. వరుడు ఏబది యేండ్లవాడైనను, అరువది యేండ్లవాడైనను కావచ్చును. మహారాజు ఈ దురాచారము మాన్పదలచి, మొట్టమొదట లెక్క తీయించెను. ఉపన్యాసమిప్పించుటకు ముందు లెక్క తీయించుట ఆయన వివేకము. మూడు సంవత్సరముల కాలములో ఆ మండలమున జరిగిన శుల్క వివాహముల పట్టిక తయారైనది. అందలి అంకెలను అప్పారావుగారు తమ నాటకపు మొదటి కూర్పునకు ఆంగ్లమున వ్రాసిన పీఠికయందు ఉదాహరించిరి.

మొత్తము వివాహములు 1,034. సగటున ఏడాదికి 344. వీరిలో అయిదేండ్ల వయస్సున పెండ్లియైన వారు 99 మంది. నాలుగేండ్ల వారు 44. మూడేండ్ల వారు 36. రెండేండ్ల వారు 6. ఒక సంవత్సరము ప్రాయము గలవారు ముగ్గురు. ఈ పసికందులకు పలికిన వెల తలకు 350 మొదలు 400 రూపాయల వరకు. తల్లి కడుపులోనున్న శిశువునకు గూడ బేరము కుదుర్చుకొనుట కలదని పీఠికయందున్నది. నిజము దాచుటకు ఆయా కుటుంబములకు కారణములుండుటచే ఈ పట్టిక సంపూర్ణము కాదనియు వారు వ్రాసిరి.

ఈ అంకెలను ఒకసారి కూడి చూడవలెను. అయిదేండ్లు, అంతకు లోబడిన ప్రాయముగల బాలికలు 188 మంది యగుదురు. అనగా నూటికి పదునెనమండుగురు. ఏడాది బిడ్డకు 400 రూపాయలనగా, ఇందాక చెప్పిన ఉపాధ్యాయుని జీతము 25 రూపాయల లెక్కను పదునారు మాసముల జీతము. చదువుకొనిన గృహస్థుడు ఏడాదిన్నరకు సమీపించు కాలము పాఠములు చెప్పి ఆర్జింపవలసిన ద్రవ్యమును, మాటలు రాని శిశువును తూచి ఒక్కనాట ఇంట వేసికొనవచ్చునన్న మాట. దురాశ యెచ్చటినుండి వచ్చినదని యడుగనక్కరలేదు. ప్రలోభము అంతటిది. పశువుల సంతలో దూడకైనను పండ్లు చూచి, నడక చూచి బేరమాడుదురు. ఇచ్చట అదియును లేదు.

ఇట్టి పట్టిక చేతికి వచ్చిన రచయిత ఏడువవలెను, లేదా శపింపవలెను. అప్పారావుగారు నవ్వించిరి. ఇది ఎట్లు సాధ్యమైనదన్నదే నేటి ముచ్చటకు ప్రాణము.

వారికి పూర్వము ఈ విషయమున హాస్యము లేకపోలేదు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు రాజమహేంద్రవరమునుండి ప్రహసనములు వ్రాసి, ముసలి వరులను, కన్యావిక్రయము చేయు తండ్రులను ఎండగట్టిరి. వారి హాస్యము చేతిలో బెత్తము గల గురువు హాస్యము. దెబ్బ తగులును, తగిలినవాడు గురువు ముఖము చూచి తలవంచుకొనును. అది కావలసినదే, ఆ కాలమునకు అవసరమైనదే. గురజాడవారి విధానము వేరు. వారు దుర్మార్గుని కొట్టరు, వానిచేత మాటలాడింతురు. అగ్నిహోత్రావధానులు తన కుమార్తెను అమ్ముకొనుట తప్పని యనుకొనడు. అది తన హక్కనియు, వ్యాజ్యములకు డబ్బు కావలెననియు, తన తాతతండ్రులు చేసినదే తాను చేయుచున్నాననియు గట్టిగా అరచి చెప్పును. అడ్డమువచ్చిన వారిపై మండిపడును. ఆ కేక విని ప్రేక్షకులు నవ్వుదురు. నవ్వుచుండగా, ఇంటిలో నూతిలో దుమికిన ఇల్లాలి గోడు వినవచ్చును. అప్పుడు నవ్వు గొంతులో నిలిచిపోవును.

కన్యాశుల్కము 1892లో జగన్నాథ విలాసినీ సభవారిచే విజయనగరమున ప్రథమముగ ప్రదర్శింపబడెను. 1897లో మదరాసు వావిళ్లవారి ముద్రణమున పుస్తకరూపమున వెలువడి ఆనందగజపతి మహారాజునకు అంకితమయ్యెను. మహారాజు ఆ సంవత్సరమే పరమపదించెను.

కథ అందరికిని తెలిసినదే యైనను పిల్లలకొరకు సంగ్రహముగా: కృష్ణరాయపురము అగ్రహారపు అగ్నిహోత్రావధానులకు ఇద్దరు కుమార్తెలు. పెద్దది బుచ్చమ్మ బాలవితంతువు. ఆమెను కూడ సొమ్ము పుచ్చుకొనియే పెండ్లిచేసిరి. రెండవది సుబ్బిని రామచంద్రపురము అగ్రహారములో లుబ్ధావధానులను వృద్ధునకు అమ్మ నిశ్చయించెను. మేనమామ కరటకశాస్త్రి ఈ పెండ్లి తప్పించుటకై తన శిష్యునకు ఆడువేషము వేసి, వానిని తన కుమార్తెయని చెప్పి, తక్కువ వెలకు లుబ్ధావధానులకే అంటగట్టెను. పెండ్లి అయిన పిమ్మట ఆ "పెండ్లికూతురు" పరారి. పెండ్లికొడుకు భార్యను చంపెనను నేరముపై వ్యాజ్యము. మధ్యను సంధానకర్త రామప్పంతులు, అతని చేరదీసినట్లు చేరదీసి ఆటలాడించు మధురవాణి, ఇంగ్లీషు చదువు చెప్పెదనని అగ్నిహోత్రావధానుల ఇంట చేరి బుచ్చమ్మను లేవదీసికొనిపోవు గిరీశము, కడపట న్యాయవాది సౌజన్యారావు పంతులు.

ఈ కల్పనలోని చమత్కారము సంస్కృత నాటకములు చదివినవారికి వేరొక విధముగ గూడ రుచించును. శూద్రకుని మృచ్ఛకటికమున చారుదత్తుడు వసంతసేనను నగలకై చంపెనను నేరము మోపబడి వధ్యస్థానమునకు పోవును. చంపబడినదన్న యువతి సజీవురాలై ఎదుట నిలుచును. కన్యాశుల్కమున లుబ్ధావధానులు చంపెనన్న యువతి చావలేదు సరికదా, అసలు పుట్టనేలేదు. శూద్రకుడు చూపినది లేని హత్య. గురజాడవారు దానిపై నింకొక మెట్టెక్కి లేని మనిషి హత్యను కల్పించిరి. అయినను పోలీసులు వచ్చిరి, సాక్షులు తయారైరి, లంచములు పుచ్చుకొనబడినవి, న్యాయస్థానము కదలినది. లేని పిల్లకొరకు రాజ్యమంతయు కదలినది. పట్టికయందున్న 1,034 మంది నిజమైన పిల్లలకొరకు ఒక్క జవానైనను కదలలేదు. ఈ మాట కవిగారు ఎచ్చటను నోటితో చెప్పరు. చెప్పినచో అది ఉపన్యాసమగును.

మృచ్ఛకటికమున నగలు చేతులు మారినట్లే ఇచ్చట మధురవాణి కంటె చేతులు మారును. పెండ్లికూతురు వేషమునకు అలంకారముగ ఇచ్చిన కంటె పెండ్లికూతురుతో పాటు మాయమగును. తరువాత ఆ కంటె తెచ్చిననే గాని గడప త్రొక్కవలదని మధురవాణి రామప్పంతులును నిలువరించును. ఊరినంతయు మోసగించిన దళారి, తాను పట్టుపడిన ఒక్క నగకొరకు వీధులవెంబడి తిరుగును. ఇది చూచి నవ్వనివాడు తగవుల మధ్యవర్తిత్వమున ఎన్నడును పైకము పోగొట్టుకొననివాడై యుండవలెను.

గిరీశము మాట. నాటకము తెర తీయుటతోడనే అతని ఖాతా మనకు అందును. పూటకూళ్లమ్మ సంతలో సరకులు కొనితెమ్మని నమ్మి ఇచ్చిన ఇరువది రూపాయలు అతడు వేశ్యకొరకు వెచ్చించెను. జమ ఇరువది, ఖర్చు ఇరువది, సరకులు సున్న. ఆ ఇరువదితో వాని గుణమంతయు తేలిపోవును. ఇక అతడు వితంతూద్ధరణమును గూర్చి గాని, దేశోద్ధరణమును గూర్చి గాని ఎంత గంభీరముగ మాటలాడినను, ప్రేక్షకుని మనస్సులో ఆ ఇరువది రూపాయల పద్దు నిలిచియే యుండును. పాత్రను పరిచయము చేయుటకు పుటలకొలది వర్ణన అక్కరలేదనియు, ఒక్క పద్దు చాలుననియు ఈ రంగము చూచి నేర్చుకొనవచ్చును.

అయినను గిరీశమును ద్వేషింపలేము. అదియే కవి చేసిన చిక్కు. అతడు అబద్ధమాడునపుడు కూడ ఉల్లాసముగ నాడును. సంస్కర్తల మాటలను చిలుకవలె నేర్చి, వానిని తన కూటికి వాడుకొనును. 1881లో రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించిన వీరేశలింగంగారి ఉద్యమము నిజమైన తపస్సు. ఆ తపస్సు నీడలో ఇట్టి కపట శిష్యులు పుట్టెదరని గురజాడవారు కనిపెట్టిరి. తాము సంస్కరణ పక్షపువారై యుండియు, తమ పక్షపు కల్తీని తామే బయటపెట్టిరి. ఎదుటి పక్షమును పరిహసించుట సులభము.

మంచము సంగతి కొంత చెప్పుకొనవలెను. మొదటి అంకమున మధురవాణి యింట, రామప్పంతులును గిరీశమును ఒకే మంచము క్రింద దూరుదురు. పైన పూటకూళ్లమ్మ చీపురుకట్టతో నిలుచును. ఒకడు పల్లెలోని పెద్దమనిషి, ఒకడు పట్టణములోని నాగరికుడు. పాతకాలము, క్రొత్తకాలము రెండును మంచము క్రింద మోకాళ్లపై నున్నవి! గురజాడవారికి ఈ మంచముపై మక్కువ కాబోలు. వారు 1910లో ప్రకటించిన "దిద్దుబాటు" కథలో గూడ మంచము వచ్చును. రాత్రులు భోగమువారి పాటకచేరీలకు పోవు భర్తకు బుద్ధి చెప్పదలచి, చదువుకొనిన భార్య కమలిని, పుట్టినింటికి పోయితినని ఉత్తరము వ్రాసిపెట్టి, మంచము క్రింద దాగును. భర్త గోపాలరావు పశ్చాత్తాపముతో అల్లాడుచుండగా మంచము క్రిందినుండి ఆమె నవ్వు, గాజుల సవ్వడి వినవచ్చును. నాటకమున దొంగలు దాగిన చోటనే కథలో గృహిణి దాగి నవ్వినది.

మధురవాణి పాత్రపై నాడును, తరువాతను ఆక్షేపణలు కలవు. వేశ్యను నాటకమున అందరికంటె బుద్ధిమంతురాలుగ, కడకు అందరికంటె ధర్మాత్మురాలుగ చూపుట తగునాయని పెద్దలు కొందరు ప్రశ్నించిరి. వసంతసేనను మెచ్చుకొన్న పెద్దలే యీ ప్రశ్న వేయుట విచిత్రము. సంస్కృతమున చెల్లునది తెలుగున చెల్లదా? నాటి సంస్కర్తలు భోగమువారి మేజువాణీలకు పోరాదని వ్రతము పట్టియుండిరి. సౌజన్యారావు పంతులు ఆ వ్రతమున నిష్ఠ గలవాడు. అట్టివాని యింటికి మధురవాణి పురుషవేషమున వచ్చి, నిరపరాధిని రక్షింపగల నిజమును తనచేత నుంచుకొని, అతని వ్రతమును పరీక్షించును. లుబ్ధావధానులను కాపాడవలెనన్నచో న్యాయవాది ఏ స్త్రీజాతిని చూడననెనో ఆమె సహాయమే కావలెను. అతడు ఆమెకు కడపట భగవద్గీత నిచ్చును. సౌజన్యారావుగారి పాత్ర, నిజము చెప్పవలెనన్న, కొంచెము చప్పగానే యుండును. మంచివానిని రసవంతముగ చిత్రించుట ఎంత గొప్ప కవికైనను కష్టము. కాని మధురవాణి ఎదుట నిలిచినపుడు ఆ చప్పదనము గూడ రాణించును.

ఇక అప్పారావుగారి జీవితములోని గొప్ప సాహసము. 1892లో ఆడి జయించిన నాటకమును, 1897లో అచ్చయి ప్రశంస పొందిన నాటకమును, వారు తామే చాలదని త్రోసివేసిరి. మహారాజు మరణానంతరము వారు రీవా మహారాణి యగు అప్పల కొండమాంబగారికి ఆంతరంగిక కార్యదర్శులై, సంస్థానపు వారసత్వ వ్యాజ్యముల చిక్కులలో ఏండ్లు గడపిరి. ఆరోగ్యము చెడినది. ఇన్నిటి నడుమ నాటకమును ఆమూలాగ్రముగ తిరుగవ్రాసి 1909లో రెండవ కూర్పును ప్రకటించిరి. అయిదంకములు ఏడంకములైనవి. మొదటి కూర్పున చిన్నదైన మధురవాణి రెండవదానిలో నాటకమునకు ఆయువుపట్టైనది. కాపాడుకొనదగిన కీర్తిని చేతులార కరగించి మరల పోతపోయుట అందరికిని చేతగాదు. అయితే రెండవ కూర్పు నిడివి యెక్కువ. ఒక్క రాత్రిలో ఏడంకములను సంపూర్ణముగ ఆడుట సమాజములకు దుర్ఘటమే. పల్లెటూరి సమాజములు అంకములు కోసి, మధురవాణిని, గిరీశమును నిలుపుకొని, మిగిలినది వదలుట వాడుక. 1955లో చలనచిత్రముగ వచ్చినపుడు నందమూరి తారక రామారావుగారు గిరీశముగను, సావిత్రిగారు మధురవాణిగను నటించిరి. చిత్రము చూచినవారు నాటకము చదివినట్లు భావింపరాదు.

భాషను గూర్చి కొంచెము. ఆ కాలపు తెలుగు రంగస్థలము పద్యములతో, రాగములతో నిండినది. బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు నాటకమునకు వైభవము తెచ్చిరి. కన్యాశుల్కము అచ్చయిన 1897లోనే వేదము వేంకటరాయ శాస్త్రిగారి ప్రతాపరుద్రీయము వెలువడెను; అందు ఉన్నతులకు గ్రాంథికము, నీచపాత్రలకు గ్రామ్యము అను పాత్రోచిత భాష యేర్పరుపబడెను. అదియు నొక ముందడుగే. గురజాడవారు ఇంకను ముందుకు పోయి, అవధానులైననేమి, న్యాయవాదియైననేమి, అందరును తమ తమ ఇండ్ల మాటలనే మాటలాడవలెననిరి. నాటకమున చూపినదానినే తరువాత విద్యారంగమున వాదించిరి. మదరాసు విశ్వవిద్యాలయమువారు పాఠ్యగ్రంథములలో వ్యావహారికమునకు చోటీయవచ్చునా యని చర్చించిన కాలమున, జయంతి రామయ్య పంతులుగారి ప్రభృతులు గ్రాంథిక పక్షమున గట్టిగ నిలిచిరి. అప్పారావుగారు 1914లో తమ అసమ్మతిని సుదీర్ఘ పత్రముగ వ్రాసి సమర్పించిరి. నాటికి వారి పక్షమే ఓడినది. నేడు వార్తాపత్రికలు, కథలు, పాఠములు వారి పక్షమున వ్రాయబడుచున్నవి. ఈ ప్రసంగము మాత్రము ఇంకను "చుండెను, చేసిరి" అనుచు సాగుచున్నదని యువకులు లోలోపల నవ్వుకొనుచుండవచ్చును. నవ్వవచ్చును, గురజాడవారి సభలో నవ్వునకు నిషేధము లేదు.

శుల్కపు ఆచారము సంగతి కూడ ముగింపవలెను. బాల్యవివాహముల నిషేధమునకు 1929లో శారదా చట్టము వచ్చినది. ఆ చట్టమునకు మారుగ మరింత గట్టి శాసనము 2006లో చేయబడినది. పిల్లను అమ్ముకొను ఆచారము క్రమముగ అణగినది. కాని సొమ్ము చేతులు మారుట ఆగలేదు. పద్దు ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు మాత్రము మారినది. వరశుల్కమును నిషేధించుచు 1961లో చట్టము చేయవలసి వచ్చినది. పెండ్లికూతురు తండ్రి జమకట్టుకొనిన కాలము పోయి ఖర్చు వ్రాసికొను కాలము వచ్చినది. అప్పారావుగారుండినచో ఈ రెండవ ఖాతాపై ఎట్టి నాటకము వ్రాసియుందురో ఊహించుకొనవలసినదే.

వారు 1913లో ఉద్యోగవిరమణము చేసి, 1915 నవంబరు 30వ తేదీన విజయనగరమున కీర్తిశేషులైరి. ఏబదిమూడేండ్ల ఆయువు. ముత్యాల సరములు, కన్యక, పూర్ణమ్మ, దేశభక్తి గేయము మొదలగు వాని గొప్పతనము వేరొక ప్రసంగమునకు తగిన విషయము. పూర్ణమ్మ కథను చదువువారు మాత్రము ఒక సంగతి గమనింపవలెను: ముసలివానికి అమ్ముడుపోయిన పిల్ల కథయే అదియును. నాటకమున నవ్వుగా చెప్పిన దానిని గేయమున కన్నీరుగా చెప్పిరి. బిల్హణీయము, కొండుభట్టీయము అను నాటకములు అసంపూర్ణములుగ మిగిలినవి. బిల్హణీయమునకు వస్తువు కాశ్మీర కవి బిల్హణుని ప్రణయకథ. ఆ పాత రాజాస్థాన కథను వారు తెలుగున నడిపిన తీరు, ముగిసినంతవరకైనను, చదువదగినది.

కన్యాశుల్కము రెండు కూర్పులును ముద్రణమున లభించుచున్నవి. చందాదారులలో ఓపికగలవారు రెంటిని ప్రక్కప్రక్కన నుంచుకొని చదువవచ్చును. ఎచ్చట ఆరంభింపవలెనని యడుగువారు మధురవాణి మాటలున్న పుటలను రెంటియందును ముందుగ తీయుదురు గాక. మొదటిదానిలో ఆమె ఎంత తక్కువ మాటలాడినదో, పండ్రెండేండ్ల తరువాత ఆమె నోట ఎన్ని మాటలు వచ్చినవో అచ్చటనే తెలియును.